ఎంగిలి గాలి

ఏప్రిల్ నెలాఖర్లో అమ్మా నాన్నా తెనాలి పక్కన మా ఊరి నుంచి హైదరాబాదు వచ్చారు. ఎండలు మండిపోతున్నాయి, కొడుకు ఫ్లాటులో ఏసీ ఉంది, ఓ రెండు నెలలు చల్లగా ఉంటారని నేనే బలవంతంగా తీసుకొచ్చా. వచ్చిన మొదటి రాత్రే గొడవ. ఒంటిగంటకి మంచినీళ్ళకని లేస్తే వాళ్ళ గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల ఏసీ నడుస్తోంది, కిటికీ బార్లా తెరిచి ఉంది, నాన్న కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"ఏంటి నాన్నా ఇది? ఏసీ వేసుకుని ఎవరైనా కిటికీ తీస్తారా?"

"చల్లగానే ఉందిరా అబ్బాయ్. గాలే ఆడట్లేదు."

చల్లగా ఉండటం వేరు, గాలాడటం వేరు అన్న చిన్న ముక్క ఇంజనీరింగ్ చదివిన నా బుర్రకి ఆ రాత్రి ఎక్కలేదు. ఒకటిన్నర టన్ను, ఐదు చుక్కలు, ఇన్వర్టరు, ఇంత పెట్టి కొన్నది వీధికి చల్లగాలి పంచడానికా అని ఓ ఉపన్యాసం దంచి, కిటికీ మూసేసి వచ్చి పడుకున్నా. ఇలా నాలుగు రాత్రులు గడిచాయి. ఆయన తీయడం, నేను మూయడం. ఐదో రోజు, ఆయన చెప్పేది ఉత్త అలవాటు కొద్దీ అంటున్న మాట అని అంకెలతో తేల్చేద్దామని ఒక కార్బన్ డయాక్సైడ్ మీటరు తెప్పించా. డేటా లేకుండా వాదించకూడదు కదా, మన వృత్తిధర్మం :)

(అన్నట్టు, ఎవరైనా కొనదల్చుకుంటే ఒక మాట. వెయ్యి రూపాయలకొచ్చే మీటర్లలో చాలావాటిలో కార్బన్ డయాక్సైడ్ సెన్సరే ఉండదు. వేరే ఆవిర్లేవో కొలిచి, దాన్నుంచి ఒక అంకె ఊహించి చూపిస్తాయి. ఇంట్లో సాంబ్రాణి వేస్తే అది రెండు వేలు చూపిస్తుంది. పరారుణ కిరణాలతో కొలిచే ఎన్.డి.ఐ.ఆర్. సెన్సరుందో లేదో చూసి కొనండి.)

ఇహ ఆ రాత్రి లెక్కలు. పదిన్నరకి తలుపూ కిటికీ మూసి ఏసీ వేశాం, అప్పుడు 640 పి.పి.యం. ఉంది. పన్నెండింటికి 1,480. పొద్దున్న ఐదున్నరకి 2,740. ఆ పొద్దున్నే మా బాల్కనీలో పెట్టి చూస్తే 430. అంటే మా నాన్న గది బయటికంటే ఆరు రెట్లు దాటిపోయింది.

మీటరు చెడిపోయిందేమోనని నాకూ అనుమానం వచ్చింది. కాగితం మీద లెక్కేసి చూశా. గది 12 అడుగులు, 10 అడుగులు, ఎత్తు 10. మొత్తం 1,200 ఘనపు అడుగులు, సుమారు 34,000 లీటర్లు. నిద్రపోతున్న పెద్దమనిషి గంటకి పన్నెండు లీటర్ల దాకా కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ఇద్దరు కాబట్టి 24. దాన్ని 34,000తో భాగిస్తే గంటకి 700 పి.పి.యం. చొప్పున పెరగాలి. తలుపు కింద సందులోంచీ, కిటికీ అంచుల్లోంచీ కొంత పోతుంది కాబట్టి పెరుగుదల నెమ్మదిగా తగ్గుతూ, ఎక్కడో మూడు వేల చుట్టుపక్కల ఆగాలి. మీటరు సరిగ్గా అదే చెప్పింది. ఇందులో పరిశోధన ఏమీ లేదు, ఏడో తరగతి భాగహారం. ఎనిమిదేళ్ళుగా ఏసీలో పడుకుంటూ నేనెప్పుడూ చెయ్యని భాగహారం.

2,740 అంటే విషమేం కాదు. అమెరికాలో పని చేసే చోట ఎనిమిది గంటల సగటుకి పెట్టిన పరిమితే 5,000. కాబట్టి "నిద్రలో చచ్చిపోతారు" తరహా వాట్సాప్ భయాలు ఇక్కడ వద్దు. ఆ అంకె చెప్పే సంగతి వేరు. మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ నాలుగు శాతం దాకా ఉంటుంది, అంటే 40,000 పి.పి.యం. బయటిగాలి 430 తీసేస్తే మిగిలిన 2,310ని 40,000తో భాగించండి. దాదాపు ఆరు శాతం. అంటే తెల్లారుజామున ఆ గదిలో పీల్చే ప్రతి పదిహేడు ఊపిర్లలో ఒకటి ఎవరో ఒకరు అప్పటికే పీల్చి వదిలేసింది.

తెలుగులో దీనికి చక్కటి మాటుంది. ఎంగిలి. గ్లాసు పెదవులకి తగలకుండా ఎత్తి తాగే ఇల్లు మాది. ఎంగిలి చెయ్యి ఆవకాయ జాడీలో పెడితే అమ్మ ఇల్లు పీకి పందిరేస్తుంది. అలాంటి ఇంట్లో రాత్రంతా ఒకరి ఎంగిలి గాలి ఒకరం పీల్చుకుంటూ, దానికి నెలకి ఇంతని కరెంటు బిల్లు కడుతున్నాం.

మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ అనే జర్మన్ ఆయన 1858లోనే ఈ సంగతి చెప్పాడు. గదిలో కార్బన్ డయాక్సైడ్ వెయ్యి పి.పి.యం. దాటిందంటే మనుషులు వదిలిన గాలి పోగుపడుతోందని గుర్తు, బయటిగాలి రానివ్వండి అన్నాడు. అప్పటికి ఏసీ లేదు, కరెంటు బల్బు కూడా ఇళ్ళలోకి రాలేదు.

సరే, నాన్న గెలిచారు, నేను ఓడిపోయా. ఒప్పుకున్నా. నా తిక్కంతా ఇప్పుడు మనకి ఈ సరంజామా అమ్మేవాళ్ళ మీదా, కళ్ళు మూసుకుని కొనే మనలాంటి "టెక్కీ"ల మీదా.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా టీములో ఆరుగుర్ని అడిగా: స్ప్లిట్ ఏసీ గాలి ఎక్కడ్నించి తెస్తుంది? నలుగురు తడుముకోకుండా "బయట యూనిట్ నుంచి" అన్నారు. ఆరుగురూ ఇంజనీర్లే, అందులో ఒకాయన మెకానికల్!! ఆ గోడకి కొట్టిన కన్నంలోంచి వచ్చేవి రెండు రాగి గొట్టాలు, వైర్లు, నీళ్ళు పోయే పైపు. అంతే. గాలి ఒక్క చెంచాడు రాదు. లోపలి యూనిట్ గదిలో గాలినే పైనుంచి పీల్చి, చల్లటి తీగచుట్టల మీదుగా పోనిచ్చి, మళ్ళీ గదిలోకే వదుల్తుంది. రాత్రంతా అదే గాలి గిరగిరా తిరుగుతుంది. పాత విండో ఏసీలకి కనీసం "వెంట్" అని ఒక చిన్న మీట ఉండేది, అది లాగితే కొద్దో గొప్పో మార్పిడి జరిగేది. దాన్ని లాగినవాణ్ణి నేను చూళ్ళేదు, అది వేరే సంగతి.

ఏసీ అట్టపెట్టె మీద ఏం రాసుంటుందో ఓసారి చూడండి. టన్నులు, చుక్కలు, ఏడాదికి ఎన్ని యూనిట్లు తాగుతుంది. 2020 జనవరి నుంచి గది ఏసీలన్నీ ఆన్ చెయ్యగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని కేంద్ర ప్రభుత్వం నిబంధన కూడా పెట్టింది. మంచిదే. మరి గంటకి ఎంత బయటిగాలి ఇస్తుంది అన్న అంకె? ఎక్కడా ఉండదు. మనందరి ఇళ్ళలో ఉండే మామూలు స్ప్లిట్ ఏసీకి ఆ అంకె సున్నా కాబట్టి. అమ్మేవాడు సున్నాని అచ్చేసుకోడు కదా.

దీని తర్వాత మనవాళ్ళు కొనేది ఎయిర్ ప్యూరిఫయర్. నేనూ కొన్నా, 2021లో. పచ్చ దీపం, పక్కన "12" అని అంకె, చూస్తే ఎంత హాయో. హెపా ఫిల్టరు దుమ్ముకి నిజంగా గొప్పదే. పట్టుకోవడానికి బాగా కష్టమైన 0.3 మైక్రాన్ల కణాల్ని కూడా 99.97 శాతం ఆపేలా దాని ప్రమాణం ఉంది. కానీ అది ఆపేది కణాల్ని. కార్బన్ డయాక్సైడ్ వాయువు, ఫిల్టర్లోంచి తాపీగా నడుచుకుంటూ వెళ్ళిపోతుంది. మీటరు 2,700 చూపిస్తున్నప్పుడు కూడా పక్కనే ప్యూరిఫయరు పచ్చగా నవ్వుతూ ఉంది. దాని తప్పు లేదు, అది కొలవంది అదెలా చెప్తుంది? టెస్ట్ కేసులన్నీ పాసయ్యాయని సంబరపడి, అసలు ఫంక్షన్‌కి టెస్టే రాయని రిలీజు లాంటిదన్నమాట. దాని చుట్టూ తలుపులూ కిటికీలూ బిగించుకు కూర్చోమని చెప్పే ప్రకటనలున్నాయే, వాటితోనే నా పేచీ.

వంటింటి దగ్గరికొచ్చేసరికి నా కోపం ఇంకో మెట్టెక్కుతుంది. మా బిల్డరు ఫ్లాటుతో పాటు చిమ్నీ ఇచ్చాడు. గాజు పలక, టచ్ బటన్లు, లోపల దీపం. రెండేళ్ళు వాడాక, అమ్మ వచ్చి చేపల వేపుడు చేసిన రోజున తెలిసింది, దానికి బయటికి పోయే గొట్టమే లేదు. పొగని పీల్చి, ఒక జిడ్డు జాలీ, ఒక బొగ్గు ఫిల్టరు దాటించి, పైనుంచి మళ్ళీ వంటింట్లోకే వదుల్తుంది. అమ్మ పది నిమిషాలు దగ్గి, "ఇది మోతే గానీ పనేం చెయ్యట్లేదురా" అని ఆపేసి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. గ్యాసు మంట నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్, మంట సరిగ్గా లేకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్, ఈ రెండూ వంటింట్లో ఉండే మోతాదులో కంటికి కనపడవు. ఆ బొగ్గు ఫిల్టరు వాసనని కొంత తగ్గిస్తుందేమో గానీ కార్బన్ మోనాక్సైడుని ఆపదు. బిల్డరు మనిషిని అడిగితే "డక్ట్ లెస్ సార్, లేటెస్టు" అన్నాడు. గొట్టం లేకపోవడం కూడా ఫీచరే!

ఇది మన ఊళ్ళ జబ్బు మాత్రమే అనుకోకండి. ఆరు నెలలు ఆన్‌సైట్ అని డల్లాస్ దగ్గర ఉన్నప్పుడు అపార్టుమెంటులో పొయ్యి మీద మైక్రోవేవ్, దాని కింద ఒక ఫ్యాను. పప్పులోకి ఇంగువ పోపు పెట్టి ఆ ఫ్యాను వేస్తే మిరపకాయ ఘాటంతా తిన్నగా నా నుదుటి మీదికి కొట్టేది. దానికీ గొట్టం లేదు. మరుక్షణం స్మోక్ అలారం. తువ్వాలు ఊపుతూ అలారం కింద నిలబడని తెలుగువాడు అమెరికాలో ఉంటే చెప్పండి, దండేస్తా. ఆ అలారం ఒక్కటే ఆ ఇంట్లో నిజం మాట్లాడిన యంత్రం, దాని నోరే మనం మూయించేవాళ్ళం. అక్కడి ఇళ్ళలో సెంట్రల్ ఏసీ, హీటరూ అంటే గొప్పగా ఉంటాయి గానీ, చాలావాటిల్లో అవి చేసేదీ ఇంట్లో గాలిని తిప్పడమే. లోపలికొచ్చే కొత్తగాలి ఇంటి సందుల దయ. టొరంటోలో ఉన్న నా స్నేహితుడి ఇంట్లో మాత్రం పోయే గాలి వేడిని వచ్చే గాలికి అందించే హెచ్.ఆర్.వి. ఉంది. చలిదేశంలో కిటికీ తియ్యకుండా గాలి మార్చుకునే అసలైన పద్ధతి అది. వాడు కరెంటు ఆదా అని దాన్ని ఆపేసి పెట్టాడు. తిట్టి ఆన్ చేయించా.

కరెంటు ఆదా అంటే గుర్తొచ్చింది. 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికావాళ్ళు భవనాలన్నీ బిగించేశారు. వాళ్ళ ఆష్రే సంస్థ 1981 ప్రమాణంలో ఆఫీసుల్లో మనిషికి నిమిషానికి ఐదు ఘనపు అడుగుల బయటిగాలి చాలంది. తలనొప్పులు, కళ్ళమంటలు, "ఈ బిల్డింగులోకి వస్తే ఒంట్లో బాగుండట్లేదు" అన్న ఫిర్యాదులు పెరిగాయి, దానికి సిక్ బిల్డింగ్ సిండ్రోమ్ అని పేరు కూడా పెట్టారు. 1989లో అదే సంస్థ కనీసాన్ని పదిహేనుకి పెంచింది. వాళ్ళు ఎనిమిదేళ్ళలో దిద్దుకున్న తప్పుని మనం ఇప్పుడు ఒక్కో గదికి ముప్ఫై నలభై వేలు పెట్టి కొని మరీ చేస్తున్నాం.

ఆ మీటరు ఆఫీసుకీ పట్టుకెళ్ళా. పన్నెండు మంది, కిటికీ లేని మీటింగు గది, రెండు గంటల స్ప్రింట్ ప్లానింగు. చివరికి 1,900. ఫెసిలిటీ వాళ్ళని అడిగితే, బయటిగాలి వచ్చే డ్యాంపర్లు ఎండాకాలం మూసేస్తామని చాలా మామూలుగా చెప్పారు. మధ్యాహ్నం మూడింటికి మనందరికీ వచ్చే ఆ మత్తు పప్పన్నం వల్లేనని ఇన్నాళ్ళూ నమ్మాం! గాలి సరిగా లేకపోతే ఆలోచన మందగిస్తుందని 2012లో బర్క్‌లీ వాళ్ళూ, 2015లో హార్వర్డ్ వాళ్ళూ ప్రయోగాలు చేసి చెప్పారు. అయితే అవి ఇరవై పాతిక మంది మీద చేసినవి, తర్వాత సబ్‌మెరైన్ సిబ్బంది మీద చేసిన ప్రయోగంలో అలాంటిదేం కనపడలేదు. కాబట్టి ఆ వాదన మీద నేను ఎక్కువ బరువు పెట్టను. నాకు సరిపోయే సాక్ష్యం ఇంకోటుంది. 2020 జనవరిలో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒక రెస్టారెంట్లో, పక్క పక్క బల్లల దగ్గర కూర్చున్న మూడు కుటుంబాల్లో పది మందికి కోవిడ్ వచ్చింది. ఆ బల్లల మీదుగా ఒకే ఏసీ గాలి తిరిగింది, బయటిగాలి రాకడ దాదాపు లేదు. మా ఇంట్లో ఒకరికి జలుబు చేస్తే మూడో రోజుకి అందరం ఎందుకు తుమ్ముతామో ఇంతకన్నా వివరించక్కర్లేదు.

ఇప్పుడు మీరనబోయేది నాకు తెలుసు. "బాబూ, కిటికీ తీస్తే దుమ్ము." నిజమే. హైదరాబాదు ఢిల్లీ కాదు గానీ స్వచ్ఛమైన ఊరేం కాదు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు పథకం జాబితాలో మన ఊరూ ఉంది. మా గేటెడ్ కమ్యూనిటీ ముందు ఫ్లైఓవర్ పని, వెనక ఇంకో ముప్ఫై అంతస్తుల పునాది. కానీ ప్యూరిఫయరు ఉన్నదే దుమ్ముకి. దుమ్ముని లోపలికొచ్చాక వడకట్టగలం, ఎంగిలి గాలిని వడకట్టలేం. బయటి నుంచి రానివ్వండి, వచ్చిందాన్ని వడకట్టండి. శీతాకాలం పొగమంచు రోజుల్లో, ట్రాఫిక్ వేళల్లో కాస్త తగ్గించుకోండి. డబ్బున్నవాళ్ళు ఫిల్టరుతో బయటిగాలి లాగే ఫ్యానో, ఈ.ఆర్.వి.నో పెట్టించుకోవచ్చు. విల్లా కట్టించుకుంటూ ఇటాలియన్ మార్బుల్ దగ్గర బేరమాడని వాళ్ళు కూడా ఈ మాట ఆర్కిటెక్టుని అడగరు, అదీ విచిత్రం.

"కరెంటు బిల్లు" అంటారా, దానికీ లెక్క వేశా. ఆష్రే ఇళ్ళ ప్రమాణం ప్రకారం ఇద్దరు పడుకునే ఆ గదికి నిమిషానికి 19 ఘనపు అడుగుల బయటిగాలి చాలు. కిటికీ బార్లా తెరవక్కర్లేదు, రెండు వేళ్ళ సందు చాలన్నమాట. బయట 30 డిగ్రీలు, లోపల 26 అనుకుని, వచ్చే గాలిలో తేమని కూడా పిండటానికి ఏసీకి పడే అదనపు శ్రమ లెక్కేస్తే రాత్రికి అర యూనిట్ లోపే. నెలకి పది పన్నెండు యూనిట్లు. విజయవాడ ఉక్కపోతలో అయితే ఇరవై అవుతుందేమో. అంటే నెలకి నూటపాతిక రూపాయలు, మహా అయితే రెండొందలు. చూడని ఓటీటీకి ఇంతకన్నా ఎక్కువ కడుతున్నాం మనం.

"పాతకాలమే మేలు" అని నేనంటున్నానని మాత్రం అనుకోవద్దు. మా తాతల మండువా ఇంట్లో గాలికి కొదవ లేదు, నడిమధ్య ఆకాశమే ఉండేది. కానీ అదే ఇంట్లో నాయనమ్మ కట్టెల పొయ్యి ఊది ఊది కళ్ళూ ఊపిరితిత్తులూ పాడు చేసుకుంది. తర్వాత కట్టుకున్న డాబాకి ప్రతి గదిలో కిటికీ పైన వెంటిలేటరని చిన్న కన్నం ఉండేది, వేడిగాలి అందులోంచి పోయేది. దాన్ని ఏసీ పెట్టేటప్పుడు అట్టముక్కతో మూసింది నేనే. నాన్నని కూడా వెనకేసుకు రాను. కిటికీ తీసి ఆయన చేసిన రెండో పని దోమల చుట్ట వెలిగించడం! ఒక్క చుట్ట కాలితే వచ్చే సన్నటి కణాలు 75 నుంచి 137 సిగరెట్లు వదిలేటంత అని 2003లో ఒక పరిశోధనలో లెక్కగట్టారు. జీవితంలో సిగరెట్టు ముట్టని మనిషికి ఆ ముక్క చెప్తే ఆయన మొహం చూడాలి. మర్నాడే దోమల జాలీ బిగించాం.

మొత్తానికి మా ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది ఇది. వాళ్ళ గది కిటికీ జాలీ వెనక రెండు వేళ్ళ మందం తెరిచి ఉంటుంది. బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాను రాత్రంతా నెమ్మదిగా తిరుగుతుంది, బాత్రూం తలుపు ఓరగా ఉంటుంది, కాబట్టి గాలి కిటికీలోంచి వచ్చి అటు పోతుంది. ఏసీ 26లో, పైన సీలింగు ఫ్యాను, మూల ప్యూరిఫయరు. పొద్దున్నకి మీటరు 900 దాటట్లేదు. నాన్న కుర్చీ బాల్కనీలోకి వెళ్ళిపోయింది. నేనూ నా గదిలో అదే చేశా. తెల్లారి లేవగానే తల పట్టేసినట్టుండటం తగ్గిందని మా ఆవిడ అంటోంది. ఒక్క మనిషి మాట సాక్ష్యం కాదని నాకూ తెలుసు, కానీ ఆవిడతో ఆ వాదన పెట్టుకునే ఉద్దేశం లేదు.

వంటిల్లే మిగిలింది. గోడకి ఆరంగుళాల కన్నం కొట్టించి చిమ్నీకి గొట్టం పెట్టడానికి మనిషిని పిలిస్తే నాలుగు వేలన్నాడు, సరేనన్నా. అసోసియేషన్ వాళ్ళు కుదరదన్నారు. బిల్డింగు ఎలివేషన్ పాడవుతుందట. అదే గోడ మీద ఇంటికి మూడు చొప్పున ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు వేలాడుతున్నాయి, వాటివల్ల ఎలివేషన్‌కి ఏమీ కాలేదు. రాతపూర్వకంగా అడిగితే వచ్చే ఆదివారం కమిటీ మీటింగులో పెడతామన్నారు. మా పై అంతస్తు ఆంటీ, ఎదురింటాయన కూడా సంతకం పెట్టారు. వాళ్ళ చిమ్నీలకీ గొట్టాల్లేవని ఈ గొడవతోనే వాళ్ళకి తెలిసింది.

మీటింగు క్లబ్‌హౌస్‌లో. దానికి అద్దాలే గానీ తెరుచుకునే కిటికీ ఒక్కటి లేదు. మీటరు జేబులో పెట్టుకుని వెళ్తున్నా.